పెద్దవాళ్ళని కాపాడటం అంటే గదిలో కూర్చోబెట్టడం కాదు

మహమ్మారి మొదలవగానే దాదాపు ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళకి వినిపించే మాట ఒకటే: "నువ్వు బయటికి వెళ్ళకు, ఏం కావాలన్నా మేం తెస్తాం." ప్రేమతో అనే మాటే. రెండు వారాలపాటు అది సరైన మాట కూడా. కానీ మహమ్మారులు రెండు వారాల్లో పోవు. కోవిడ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది 2020 జనవరి 30న, ఆ ప్రకటన ఎత్తేసింది 2023 మే 5న. మూడేళ్ళు దాటింది. డెబ్బై అయిదేళ్ళ మనిషిని అంతకాలం మంచానికీ కుర్చీకీ మధ్య ఉంచితే, వైరస్ సోకకపోయినా కాళ్ళలో బలం పోతుంది, మాట తగ్గుతుంది, తన పనులు తాను చేసుకునే అలవాటు తప్పుతుంది. ఆ వయసులో ఒకసారి పోయినవి తిరిగి రావడం చాలా కష్టం.

వయసు మీద పడ్డవాళ్ళకి ప్రమాదం ఎక్కువన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అమెరికాలో కోవిడ్‌తో చనిపోయినవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతులు 65 దాటినవాళ్ళే. కాబట్టి జాగ్రత్త వద్దని నేను అనడంలేదు. ఆ జాగ్రత్త బరువు ఎవరి మీద పడాలన్నదే నా ప్రశ్న. ఇప్పటిదాకా మనం దాన్ని పెద్దవాళ్ళ మీదే వేశాం: వాళ్ళు బయటికి రాకూడదు, వాళ్ళు ఎవర్నీ కలవకూడదు, వాళ్ళు అన్నీ మానుకోవాలి. ఆ బరువు ముందు గాలి మీద, తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ మీద పడాలి. పెద్దవాళ్ళ వంతు చివరిది, అదీ వాళ్ళు ఒప్పుకున్నంత మేరకే.

ప్రభుత్వాలూ ఇదే పొరపాటు చేశాయి. 2020 మార్చిలో టర్కీ 65 దాటినవాళ్ళని ఇల్లు కదలొద్దంది. సెర్బియా కూడా అదే చేసింది. బోస్నియాలో అలాంటి నిషేధమే పెడితే, అది మితిమీరిన ఆంక్ష అని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఏప్రిల్‌లో తేల్చింది. కొలంబియాలో 70 దాటినవాళ్ళ మీద మిగతా వయోజనుల కన్నా కఠినమైన ఆంక్షలు పెట్టినప్పుడు, ఆ వయసువాళ్ళే కోర్టుకెక్కి జూలైలో గెలిచారు. ఆ ఉద్యమాన్ని అక్కడ 'నెరిసిన జుట్టు తిరుగుబాటు' అన్నారు. వాళ్ళు జబ్బుని తేలిగ్గా తీసుకున్నవాళ్ళు కారు. తమ ప్రాణం గురించిన నిర్ణయంలో తమకీ నోరుండాలని అడిగినవాళ్ళు.

సరే, గాలితో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లో ఎక్కువ ఫలితం వచ్చేదీ, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

ఊపిరితిత్తుల వైరస్‌లు మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు, ఊరికే ఊపిరి వదిలినప్పుడు కూడా సన్నని తుంపరలుగా బయటికి వస్తాయి. వాటిలో పెద్దవి నేల మీద పడిపోతాయి, చిన్నవి గంటలకొద్దీ గదిలో తేలుతుంటాయి. గదిలో ఎవరో సిగరెట్ కాలుస్తున్నారనుకోండి, ఆ పొగ ఎటు పోతుందో, ఎంతసేపు ఉంటుందో ఊహించుకుంటే వైరస్ దారి దాదాపు అర్థమవుతుంది. ఆరడుగుల దూరంలో కూర్చుంటే పొగ వాసన రాకుండా ఉండదు కదా. మూసిన గదిలో దూరం ఒక్కటే చాలదు.

ఇంట్లో ఎవరికైనా జ్వరమో జలుబో వస్తే ముందు చూడాల్సింది గాలి ఏ దిక్కుగా కదులుతోందన్నది. పెద్దవాళ్ళున్న వైపు నుంచి రోగి ఉన్న వైపుకీ, అక్కణ్ణుంచి బయటికీ కదలాలి. రోగి గది కిటికీలో ఫ్యాన్‌ని బయటికి ఊదేలా పెట్టండి, దాని చుట్టూ ఉన్న సందులు అట్టముక్కలతో మూయండి, గది తలుపు వేసి ఉంచండి. పెద్దవాళ్ళ గదిలో కిటికీ తెరవండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రోగికి గాలి ఆడాలని ఫ్యాన్‌ని లోపలికి తిప్పి పెడతారు. అప్పుడు ఆ గదిలో గాలి తలుపు కింది సందులోంచి హాల్లోకి, అక్కణ్ణుంచి అందరి మీదికీ వస్తుంది. గోడకి బిగించే ఏసీల్లో ఎక్కువభాగం బయటి గాలిని తీసుకోవు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతాయి. గది చల్లగా ఉన్నంత మాత్రాన గాలి మారిందని కాదు.

గాలి ఎంత మారుతోందో తెలియాలంటే కార్బన్ డయాక్సైడ్ మీటర్ చాలు. పరారుణ కాంతితో కొలిచే సెన్సార్ ఉన్నదే తీసుకోవాలి, మిగతావి చాలావరకు అంచనా లెక్కలు చూపిస్తాయి. బయటి గాలిలో ఇది 420 పీపీఎమ్ (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) దగ్గర ఉంటుంది. మనుషులున్న గదిలో 800 లోపు ఉంటే బాగా మారుతున్నట్టు, 1000 దాటితే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నట్టే. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఎయిర్ ప్యూరిఫైయర్ వైరస్‌ని పట్టేస్తుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించదు. ప్యూరిఫైయర్ నడుస్తున్న గదిలో మీటర్ ఎక్కువ చూపించినా గాలి అంత ప్రమాదకరంగా ఉండకపోవచ్చు.

కిటికీ తెరవలేని గదికి ప్యూరిఫైయర్ కొనేటప్పుడు లెక్క వేసుకోండి. గంటకి కనీసం అయిదుసార్లు గదిలో గాలంతా శుభ్రపడాలన్నది లక్ష్యం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో 1200 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. అయిదుసార్లంటే గంటకి 6000, నిమిషానికి 100. మెట్రిక్‌లో గంటకి సుమారు 170 ఘనపు మీటర్లు. పెట్టె మీద శుభ్రమైన గాలి సరఫరా రేటు అని రాసుండే అంకె దీనికి తగ్గకూడదు. ఆ అంకె ఫ్యాన్ పూర్తి వేగంలో ఉన్నప్పటిది. పూర్తి వేగంలో చప్పుడుకి పడుకోలేక అందరూ అతి తక్కువ వేగంలో పెడతారు, అప్పుడు మూడో వంతు పని కూడా జరగకపోవచ్చు. అందుకే లెక్కకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది కొని మధ్య వేగంలో నడపడం మంచిది. 'ఆటో' మీద పెట్టొద్దు. దానిలోని సెన్సార్ చూసేది దుమ్మునే, గదిలో వైరస్ ఉన్నా దుమ్ము లేకపోతే ఫ్యాన్ నెమ్మదిస్తుంది. ఓజోన్ వదిలే యంత్రాలు అసలే వద్దు, అది ముసలి ఊపిరితిత్తులకి నేరుగా హాని.

ఖర్చు భరించలేనివాళ్ళకి 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరు రూపొందించిన పెట్టె ఉంది. 20 అంగుళాల చదరపు ఫిల్టర్లు నాలుగు, మెర్వ్ 13 స్థాయివి (ఫిల్టర్ ఎంత సన్నని కణాలని పట్టగలదో చెప్పే కొలత మెర్వ్), నిలువుగా నాలుగు గోడల్లా నిలబెట్టి, కింద అట్ట, పైన 20 అంగుళాల చదరపు ఫ్యాన్ పెట్టి టేపు వేయడమే. ఫ్యాన్ పైకి ఊదాలి, ఫిల్టర్ల మీద ఉండే బాణం గుర్తులు లోపలివైపుకి చూడాలి. ఫ్యాన్ నాలుగు మూలలనీ అట్టతో కప్పి మధ్యలో గుండ్రటి ఖాళీ వదిలితే గాలి వెనక్కి జారకుండా ఇంకా బాగా లాగుతుంది. టేపు సందుల్లేకుండా వేయకపోతే గాలి ఫిల్టర్‌లోంచి కాకుండా సందులోంచి వెళ్ళిపోతుంది, కష్టమంతా వృథా.

బయటినుంచి వచ్చే పిల్లలు, మనవలు, పనివాళ్ళు మాస్కు పెట్టుకోవడం రెండో పొర. ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 రకం, ముక్కు మీద తీగని రెండు చేతుల వేళ్ళతో నొక్కి ముఖానికి అతికేలా చేసుకున్నది. వదులుగా ఉన్న ఎన్95 కన్నా బిగుతుగా ఉన్న మామూలుది నయమనిపించే సందర్భాలుంటాయి. ఇంట్లో చేసుకునే యాంటిజన్ పరీక్ష గురించి కూడా ఒక మాట. లక్షణాలు మొదలైన రోజు నెగెటివ్ వచ్చిందని అమ్మ గదిలోకి వెళ్ళడం ఎక్కువగా జరిగే పొరపాటు. 48 గంటల తర్వాత రెండోసారి చేసి, అదీ నెగెటివ్ వస్తేనే కాస్త నమ్మొచ్చు.

మాస్కుల వల్ల పెద్దవాళ్ళకి జరిగే నష్టాన్ని మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోలేదు. వినికిడి తగ్గినవాళ్ళు ఎదుటివాళ్ళ పెదవులు చూసి సగం మాట అందుకుంటారు, మాస్కు దాన్ని కప్పేస్తుంది. పైగా మాటని స్పష్టంగా తెలియజేసే హెచ్చు స్థాయి శబ్దాలని మామూలు సర్జికల్ మాస్కు 3, 4 డెసిబెల్స్, ఎన్95 సుమారు 12 డెసిబెల్స్ తగ్గిస్తుందని కొలిచి చూశారు. "ఈయనకి మతి తగ్గుతోంది" అనుకున్న సందర్భాల్లో కొన్ని కేవలం వినపడకపోవడమే. అరవడం వల్ల ఉపయోగం లేదు, అరిస్తే మాట ఇంకా చెదురుతుంది. ఎదురుగా, వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడి, నెమ్మదిగా, ఒక్కో వాక్యమే చెప్పండి. ముఖ్యమైన విషయం, మందు పేరో డాక్టర్ దగ్గరికెళ్ళే రోజో, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చూపించండి. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్ళకి చెవులకి తగిలించే మాస్కు కాకుండా తల వెనక కట్టేది ఇవ్వండి, లేకపోతే మాస్కు తీసేటప్పుడు యంత్రం ఎగిరిపడి పోతుంది. కళ్ళద్దాల మీద ఆవిరి పడితే అది కూడా ఊరికే చిరాకు కాదు, మెట్ల దగ్గర పడిపోవడానికి కారణం. ముక్కు దగ్గర మాస్కు సరిగ్గా అతకలేదని దానర్థం.

ఇప్పుడు కాళ్ళ సంగతి. నా దృష్టిలో మహమ్మారి కాలంలో పెద్దవాళ్ళ స్వతంత్రాన్ని నిర్ణయించేది ఇదే. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్ని పది రోజులు మంచంలో ఉంచితే, ఆ పది రోజుల్లోనే వాళ్ళ కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. రోగం లేని మనుషులకే అలా జరిగింది. జ్వరం ఉండి, తిండి తగ్గిన మనిషికి ఇంకా వేగంగా జరుగుతుంది. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవగలగడానికీ లేవలేకపోవడానికీ మధ్య ఆ కిలో కండే ఉంటుంది. లేవలేని మనిషి మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్ళలేరు, అక్కడితో స్వతంత్రం అయిపోయినట్టే.

పరీక్షించడం సులువు. 43 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. చేతులు ఛాతీ మీద ముడుచుకుని అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఎక్కువ. పరీక్షే వ్యాయామం కూడా. పాదాలు నేలకి పూర్తిగా ఆనించి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంత ముందుకి వంగి, ఒక సెకనులో లేచి, మూడు సెకన్లు తీసుకుని నెమ్మదిగా కూర్చోవాలి. కండకి బలం కూర్చునేటప్పుడూ వస్తుంది, ధబేలున కూలబడితే సగం ఫలితం పోతుంది. అయిదు నుంచి ఎనిమిదిసార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ. మొత్తం రెండు మూడు విడతలు, వారానికి కనీసం మూడు రోజులు. మొదట్లో లేవలేకపోతే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, రెండు మూడు వారాల్లో తీసేయొచ్చు. ఊపిరి బిగపట్టకూడదు, లేచేటప్పుడు పైకి లెక్క పెడుతుంటే బిగపట్టడం కుదరదు. మెత్తటి సోఫా పనికిరాదు, జారే చెప్పులూ పనికిరావు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆపేసి డాక్టర్‌తో మాట్లాడాలి.

దీనికి తోడు గట్టి బల్లనో గట్టునో పట్టుకుని మడమలు ఎత్తడం పది పదిహేనుసార్లు, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి పది సెకన్లు నిలబడటం. ఈ రెండోది చేసేటప్పుడు పక్కన ఎవరైనా ఉండాలి. నడక పదేసి నిమిషాల చొప్పున మూడు ముక్కలుగా చేసినా పని జరుగుతుంది, అది వరండాలో అయినా సరే. 65 దాటినవాళ్ళకి వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, మూడు రోజులు నిలకడకీ బలానికీ సంబంధించిన కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది.

వీటన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఇంట్లోవాళ్ళ దయ. "నువ్వు కూర్చో, నేను తెస్తాను." రోజుకి ఇరవైసార్లు లేచి తిరిగే మనిషి ఈ మాటతో మూడుసార్లకి వచ్చేస్తారు. మంచినీళ్ళు వాళ్ళనే తెచ్చుకోనివ్వండి. బట్టలు మడతపెట్టడం, మొక్కలకి నీళ్ళు పోయడం, వంటలో తమ వంతు చేయడం వాళ్ళ దగ్గర్నుంచి లాక్కోకండి. ఆలస్యమైనా, కాస్త చిందినా.

కండ నిలవడానికి మాంసకృత్తులు కావాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి శరీరం బరువులో కిలోకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు, జబ్బు చేసినప్పుడు 1.2 నుంచి 1.5 గ్రాములు అన్నది నిపుణుల సిఫారసు. 60 కిలోల మనిషికి మామూలుగా 60 నుంచి 72 గ్రాములు, జబ్బులో 72 నుంచి 90. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు ఉంటాయి. అంటే ఇది అనుకోకుండా జరిగే పని కాదు, ప్రతిపూటా కంచంలో పప్పు, గుడ్డు, చేప, మాంసం, పెరుగు వంటివాటిలో ఏదో ఒకటి చూసి వడ్డించాల్సిందే. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా పెంచకూడదు. పళ్ళసెట్టు వదులై నమలలేక తిండి తగ్గిందేమో కూడా చూడండి, వాయిదా పడ్డ దంతవైద్యం మహమ్మారి కాలంలో ఎంతోమందిని పలచటి జావల మీదికి దింపింది.

నీళ్ళ విషయంలో దాహాన్ని నమ్మొద్దు, వయసుతోపాటు దాహం తెలియడం తగ్గుతుంది. తాగే ద్రవాలన్నీ కలిపి ఆడవాళ్ళకి రోజుకి 1.6 లీటర్లు, మగవాళ్ళకి 2 లీటర్లు లక్ష్యంగా పెట్టుకోవచ్చు. గుండె నీరసించి నీళ్ళు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళకి ఇది వర్తించదు.

జబ్బు సోకిందో లేదో పసిగట్టడం దగ్గర పెద్దవాళ్ళ శరీరం వేరే దారిలో వెళ్తుంది. జ్వరం అంటే 100.4 అని పట్టుకు కూర్చుంటే ఆలస్యమైపోతుంది. వాళ్ళ మామూలు ఉష్ణోగ్రతే తక్కువగా ఉంటుంది, రోగనిరోధక వ్యవస్థ స్పందనా మందగిస్తుంది. ఒక్కసారి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, పదేపదే 99 దాటుతున్నా, వాళ్ళ మామూలు స్థాయి కన్నా 2 డిగ్రీలు పెరిగినా జ్వరంగానే లెక్కపెట్టాలి. మామూలు స్థాయి తెలియాలంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక వారం పొద్దున్నపూట చూసి రాసిపెట్టుకోవాలి. 96.8 ఉండే మనిషికి 98.8 వస్తే థర్మామీటర్ 'నార్మల్' అంటుంది, శరీరం అనదు.

జ్వరం, దగ్గు అసలు లేకుండానూ రావచ్చు. 2020లో అమెరికాలో కోవిడ్‌తో ఎమర్జెన్సీకి వచ్చిన 817 మంది వృద్ధుల్ని పరిశీలిస్తే 28 శాతం మందిలో డెలీరియం ఉంది, అంటే ఉన్నట్టుండి అయోమయం. అలాంటివాళ్ళలో మూడో వంతుకి పైగా మందికి జ్వరం, ఆయాసం వంటి మామూలు లక్షణాలేవీ లేవు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు ఏ వారమో చెప్పలేకపోయినా, పగలంతా మత్తుగా ఉన్నా, అన్నం వద్దన్నా, కారణం లేకుండా పడిపోయినా, కొత్తగా పక్క తడిపినా "వయసు కదా" అని వదిలేయకండి. వయసు వల్ల వచ్చే మార్పు నెలలూ ఏళ్ళూ తీసుకుంటుంది. గంటల్లో, రోజుల్లో వచ్చేది జబ్బు. వెంటనే పరీక్ష చేయించి, ఆక్సిజన్ చూసి, డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

ఆక్సిజన్ చూడటంలో జరిగే పొరపాట్లు చాలా ఉన్నాయి. పల్స్ ఆక్సీమీటర్ పెట్టేముందు అయిదు నిమిషాలు కూర్చోవాలి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వేడి చేయాలి, గోళ్ళరంగు ఉంటే తుడిచేయాలి. చూపుడు వేలికో మధ్య వేలికో తగిలించి, చెయ్యి గుండె ఎత్తులో కదలకుండా ఉంచి, అంకె కనీసం అర నిమిషం నిలకడగా ఉన్నాకే రాసుకోవాలి. తగిలించగానే కనబడే మొదటి అంకె నమ్మదగ్గది కాదు. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్ళలో ఈ యంత్రం అసలు కన్నా ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి అంచున ఉన్న అంకెని అనుమానించాలి. రోజుకి మూడుసార్లు, తేదీ, సమయంతో రాయండి. 94 కన్నా తగ్గితే డాక్టర్‌తో మాట్లాడండి, 92 కన్నా తగ్గితే ఆస్పత్రికి బయల్దేరండి. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి మామూలు రోజుల్లోనే 88 నుంచి 92 ఉండొచ్చు, వాళ్ళకి తమ మామూలు అంకెతో పోల్చుకోవడమే దారి. కూర్చున్నప్పుడు బాగున్నా, 40 అంగలు వేసి నడిచాక 3 పాయింట్లు పడిపోతే అదీ హెచ్చరికే. కూర్చున్నప్పుడే తక్కువగా ఉన్నవాళ్ళని నడిపించి చూడొద్దు.

జబ్బు ఖాయమైతే మందుల్లో సమయమే ముఖ్యం. కోవిడ్‌కి నిర్మట్రెల్విర్, రిటోనవిర్ కలిపి ఇచ్చే మాత్రలు లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. రిటోనవిర్ ఇతర మందులు శరీరంలోంచి పోకుండా అడ్డుపడుతుంది. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తం పలచబరిచే కొన్ని మందులు, గుండె లయకి వాడే అమియోడరోన్ దానితో కలిస్తే ప్రమాదం. మూత్రపిండాల పనితీరు తగ్గితే మోతాదూ మారుతుంది. వేసుకునే మందుల జాబితా, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఇటీవలి రిపోర్టు చేతిలో లేకపోతే డాక్టర్ ఈ లెక్కలన్నీ చూసేసరికి అయిదు రోజులు గడిచిపోతాయి. స్టెరాయిడ్ల మీద మాత్రం గట్టిగా చెప్పాలి. డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో చేసిన రికవరీ పరిశోధన తేల్చింది, అయితే ఆక్సిజన్ అవసరమైనవాళ్ళలోనే. అవసరం లేనివాళ్ళకి మేలేమీ కనబడలేదు, హాని జరిగే అవకాశం ఉంది. ఎవరికో రాసిన చీటీ చూసి మొదటి రోజే ఇంట్లో మొదలుపెడితే చక్కెర పెరుగుతుంది, నిద్ర పోతుంది, అయోమయం వస్తుంది.

విరేచనాలు, వాంతులు, తిండి లేకపోవడం ఉన్న రోజుల్లో నీరు పోయే బీపీ మాత్రలు, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ లాంటివి కొన్ని ఆపాల్సి రావచ్చు. ఏవి, ఎన్నాళ్ళు అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. రోజూ వేసుకునే మందులు నెల రోజులకి సరిపడా అదనంగా ఇంట్లో ఉంచండి. టీకాలు, ముఖ్యంగా ఫ్లూ, న్యుమోకాకల్ (ఒక రకం న్యుమోనియాకి), ఆ మహమ్మారికి వచ్చినవి, వాయిదా వేయొద్దు. వయసులో రక్షణ త్వరగా తగ్గుతుంది కాబట్టి మొదటి డోసులతో పని అయిపోయిందనుకోవద్దు.

వైరస్ భయంతో మిగతా జబ్బుల్ని ఇంట్లోనే భరించడం ఇంకో నష్టం. 2020 మార్చిలో అమెరికా జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించాక పది వారాల్లో అక్కడి ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగాలకి గుండెపోటుతో వచ్చేవాళ్ళు 23 శాతం, పక్షవాతంతో వచ్చేవాళ్ళు 20 శాతం తగ్గారు. గుండెపోట్లు అంతగా తగ్గిపోయాయని ఎవరూ అనుకోలేరు. చాలామంది రాలేదు, అంతే. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, ఛాతీలో బరువు: వీటికి ఏ మహమ్మారిలోనైనా సరే ఆగకూడదు.

ఒంటరితనం గురించి మాట్లాడితే చాలామంది దాన్ని మనసు బాధ కింద తీసేస్తారు. అది శరీరానికి సంబంధించిన ప్రమాదం. అమెరికా జాతీయ అకాడమీలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సామాజికంగా ఏకాకులైనవాళ్ళలో మతిమరుపు జబ్బు ప్రమాదం 50 శాతం దాకా, పక్షవాతం 32 శాతం, గుండెజబ్బు 29 శాతం ఎక్కువ. నెదర్లాండ్స్ 2020 మార్చిలో వృద్ధాశ్రమాల్లోకి సందర్శకుల్ని పూర్తిగా ఆపేసి, మే నెలలో 26 ఆశ్రమాల్లో నియమాలతో మళ్ళీ అనుమతించి చూసింది. ఆ సందర్శనల వల్ల జబ్బు లోపలికి వచ్చినట్టు కనబడలేదు, పెద్దవాళ్ళు తేరుకున్నారు. కుటుంబంలో ఒకరిని పేరుపెట్టి సంరక్షణ బృందంలో భాగంగా, సిబ్బందితో సమానమైన జాగ్రత్తలతో, ఎప్పుడూ లోపలికి రానివ్వాలన్నది ప్రతి ఆశ్రమం ముందే రాసిపెట్టుకోవాల్సిన నియమం. అన్నం తినిపించేదీ, ముఖం చూసి నొప్పి కనిపెట్టేదీ ఆ మనిషే. వాళ్ళని 'సందర్శకులు' అని తలుపు బయట నిలబెట్టడం అన్యాయం.

ఇంట్లో ఉన్నవాళ్ళ విషయంలో ఒక ప్రశ్న అడగండి: "ఏ రెండు పనులు మానుకుంటే నీకు రోజు గడవదు?" పొద్దుటి నడకో, స్నేహితుడితో కబుర్లో, ప్రార్థనో, బ్యాంకు పని తానే చూసుకోవడమో చెప్తారు. ఆ రెండింటినీ మాన్పించకుండా ఎలా సురక్షితం చేయాలో చూడటం మన పని. స్నేహితుడితో కబుర్లు గదిలోంచి ఆరుబయటికి మారొచ్చు. బ్యాంకుకి జనం లేని వేళలో, మంచి మాస్కుతో వెళ్ళొచ్చు. డబ్బు పనులన్నీ పిల్లలు తమ ఫోన్లలోకి మార్చేసుకోవడం సౌకర్యమే, కానీ ఒకసారి చెయ్యి మారిన అధికారం మహమ్మారి పోయాక తిరిగి వెనక్కి వచ్చిన ఇళ్ళు తక్కువ. అన్నీ వివరించి చెప్పాక కూడా ఆ మనిషి "నేను వెళ్తాను" అంటే, ఆ మాట చెల్లాలి. మతి సరిగ్గా ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషికి ముప్ఫై ఏళ్ళ మనిషికున్నంత హక్కే ఉంది.

ఆస్పత్రి నిర్ణయాల్లోనూ అంతే. 2020 మార్చిలో ఇటలీలో మత్తు ఇచ్చే వైద్యుల, ఐసీయూ వైద్యుల సంఘం పడకలు చాలకపోతే ఐసీయూ చేరికకి వయసు పరిమితి పెట్టాల్సి రావచ్చని రాసింది. అలాంటి రోజు వస్తే ఆ మనిషి నిన్నటిదాకా ఎలా బతికారో చెప్పగలిగేది ఇంట్లోవాళ్ళే. "78 ఏళ్ళు, షుగర్ ఉంది" అని రాస్తే ఒక రకం, "78 ఏళ్ళు, ఒంటరిగా ఉంటారు, రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తారు, లెక్కలు తనే చూసుకుంటారు" అని రాస్తే ఇంకో రకం. రెండోది ముందే ఒక కాగితం మీద ఉండాలి. అదే కాగితం మీద మందుల పేర్లూ మోతాదులూ, పడని మందులు, మామూలు ఉష్ణోగ్రత, మామూలు ఆక్సిజన్, మామూలు బీపీ, వినికిడి ఏ చెవిలో బాగుంది, ఎవరికి ఫోన్ చేయాలి, వెంటిలేటర్ లాంటివాటి గురించి తన ఇష్టం ఏమిటి అన్నవి ఆ మనిషే తన మాటల్లో చెప్పగా రాసి, పైన తేదీ వేయాలి. మందు మారిన ప్రతిసారీ కొత్త కాగితం రాయాలి, పాతది చించేయాలి, రెండూ ఉంటే ఆస్పత్రిలో పాతదే చేతికొస్తుంది. దాని నకలు ఒకటి సంచిలో పెట్టి ఉంచండి. సంచిలో ఇంకా కళ్ళద్దాలు, పేరు రాసిన డబ్బాలో వినికిడి యంత్రం, దానికి అదనపు బ్యాటరీలు, పళ్ళసెట్టు డబ్బా, పొడవాటి తీగతో ఫోన్ ఛార్జర్, జారని చెప్పులు. లోపలికి మనల్ని రానివ్వని వార్డులో చేరాల్సివస్తే, చేరేటప్పుడే నర్సుని రెండు విషయాలు అడగండి: కళ్ళద్దాలూ వినికిడి యంత్రమూ పొద్దున్నే పెట్టిస్తారా, భోజనానికి మంచం దిగి కుర్చీలో కూర్చోబెడతారా.